ఒక్క చూపు డాక్టరు గారు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా పెద్ద డాక్టరు గారి విషయంలో పత్రికవాళ్ళు ఆ సామెతను నిజం చేసి చూపించారు. మొన్న జిల్లా పేజీలో ఆయన ఫొటో వేసి, "డేగ కళ్ళ వైద్యుడు ఇక లేరు" అని పెద్ద అక్షరాలతో రాశారు. నలభయ్యేళ్ళ అనుభవమట. ఎందరో తల్లుల ప్రాణాలు నిలబెట్టారట. ఫిల్ము చేతికిస్తే ఒక్క చూపుతో రోగం పట్టేసేవారట. కాఫీ తాగుతూ చదువుతున్నదాన్ని, పొలమారి చీర మీదంతా పోసుకున్నాను.

ఒక్క చూపు సంగతి మాత్రం అబద్ధం కాదు. ఆయన రెండో చూపు చూడడం నేనెరగను. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ ఎందుకు చూడాల్సి వచ్చిందో పత్రికవాళ్ళకి తెలియదు కాబట్టి నేను చెబుతున్నాను.

నందిగామలో హైవే పక్కన, బస్టాండుకి దగ్గర్లో ఒక స్కానింగ్ సెంటర్ ఉండేది. ఇప్పుడక్కడ చెప్పుల షాపు పెట్టారు. ఆ సెంటర్లో పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఎక్స్‌రే తీసేది నేనే, చీకటి గదిలో ఫిల్ము కడిగేది నేనే, రిపోర్టు టైపు కొట్టేదీ నేనే. పెద్ద డాక్టరు గారు విజయవాడ నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చి, పోగుపడిన ఫిల్ములు చూసి వెళ్ళేవారు. తొంభైలు సగం గడిచాక మా ఓనరు హైదరాబాదులో ఎవరో వాడి పక్కన పడేసిన మామోగ్రఫీ మిషను ఒకటి కొనుక్కొచ్చాడు. రొమ్ములకి తీసే ఎక్స్‌రే అది. మా చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. చందర్లపాడు నుంచి, పెనుగంచిప్రోలు నుంచి ఆడవాళ్ళు ఆటోలెక్కి వచ్చేవాళ్ళు. వచ్చి, ఎక్కడ నొప్పో నోటితో చెప్పలేక, పైట మీద వేలు పెట్టి చూపించి తల దించుకునేవాళ్ళు.

డాక్టరు గారు పదింటికి కారు దిగేవారు. తెల్ల సఫారీ, నుదుట కుంకుమ బొట్టు, చేతిలో ఇడ్లీ పొట్లం. ఫిల్ములు చూడ్డానికి లైటు పెట్టె ఒకటి ఉంటుంది. వెనకనుంచి తెల్లటి వెలుగు సమంగా పడితే తప్ప ఫిల్ములో సన్నటివి కనపడవు. ఆ పెట్టెని ఆయన బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టించి, స్విచ్ వేయించి, దానిమీద ఇడ్లీ పొట్లం పెట్టేవారు, వేడి తగ్గకుండా. ఫిల్ముల్నేమో కిటికీకి ఎత్తి పట్టుకునేవారు. కిటికీ బయట హైవే మీద లారీలు పోతూ ఉండేవి. ఫిల్ములో ఆడమనిషి ప్రాణం, దాని వెనకాల సిమెంటు లారీ.

కొత్తలో ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరు గారండీ, పెట్టె మీద పెట్టి చూడరా అండీ?"

"అమ్మాయ్, లైటు కావాల్సింది కళ్ళు లేనోళ్ళకి. నా దగ్గర అనుభవం ఉంది."

ఓనరు ముచ్చటపడి భూతద్దం కొనిచ్చాడు. దాంతో ఆయన పంచాంగంలో వర్జ్యం చూసుకునేవారు.

ఇంకో అలవాటుంది. శుక్రవారం వెళ్ళే ముందు ఖాళీ రిపోర్టు కాగితాల మీద వరసగా సంతకాలు గిలికేసేవారు. "రెండు రొమ్ములలోనూ అనుమానించదగినది ఏమీ కనపడలేదు" అని ఇంగ్లీషులో నేను ముందే కొట్టి పెట్టాలి. పేరు, వయసు, తారీఖు దగ్గర ఖాళీ వదలాలి. ఫిల్ము చూసి ఆయన "ఊఁ" అంటే, కట్టలోంచి ఒక కాగితం లాగి పేరు కొట్టడమే నా పని. "ఊహూఁ" అంటే కొత్త కాగితం తీయాలి. కొత్త కాగితం తీసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మొదటి ఇడ్లీకీ ఆఖరి ఇడ్లీకీ మధ్య వచ్చినవాళ్ళందరి ఫిల్ములూ అయిపోయేవి. చెయ్యి కడుక్కుని, "చూశావా అమ్మాయ్, ఇదీ సర్వీసంటే" అనేవారు.

మాట మాత్రం వెన్నపూస. భయంతో బిక్కచచ్చిపోయి కూర్చున్న మనిషి దగ్గరికి స్వయంగా వెళ్ళి, "తల్లీ, నీకేం రోగం లేదమ్మా. ఇంటికెళ్ళి పప్పుచారు కాచుకుని కడుపునిండా తిను" అనేవారు. వాళ్ళు ఏడుస్తూ దణ్ణాలు పెట్టేవాళ్ళు. "దేవుడండీ ఆయన" అని నాతో చెప్పేవాళ్ళు. మరుసటి శుక్రవారానికి వంకాయలో, దోసకాయలో సంచితో తెచ్చేవాళ్ళు. నేనూ మొదటి ఏడెనిమిదేళ్ళు ఆయన్ని దేవుడనే అనుకున్నాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

ఎందుకంటే ఆయన మాట ఎక్కువసార్లు నిజమయ్యేది! దాని మర్మం నాకు తర్వాత గానీ తెలియలేదు. మా వైపు ఎండాకాలంలో మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోస్తారు. మే నెలలో రోజూ పొద్దున్నే లేచి "ఇవాళ వాన రాదు" అనేవాడు నెలలో ముప్ఫై రోజులు గెలుస్తాడు. వాణ్ణి జ్యోతిష్కుడంటారా? వాన వచ్చే ఆ ఒక్కరోజు ముందుగా చెప్పి పట్టాలు కప్పించినవాడు కదా తెలిసినవాడు. వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు. అందరికీ "ఏమీ లేదు" అని చెప్పుకుంటూ పోతే కళ్ళు మూసుకున్నా పేరు వస్తుంది. మా డాక్టరు గారికి అలాగే వచ్చింది.

ఆ ఒక్కరోజు వాన మా అక్క మీద పడింది.

మా అక్కని జగ్గయ్యపేటలో మిర్చి కొట్టు వాళ్ళింట్లో ఇచ్చారు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. మా మిషను వచ్చిన కొత్తలో నేనే వెంటపడి రమ్మన్నాను. ఆమెకి ఏ బాధా లేదు. మా సెంటర్ గొప్ప ఆమెకి చూపించాలని నాకే ఉబలాటం.

"ఛీ, సిగ్గు లేకపోతే సరి! ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ?" అంది.

"నేనే తీస్తా అక్కా. ఇంకెవరూ ఉండరు."

నాలుగు ఫిల్ములు తీశాను. డాక్టరు గారు కిటికీకి ఎత్తి, "ఊఁ" అన్నారు. కట్టలోంచి కాగితం లాగి, మా అక్క పేరు నా చేత్తో నేనే కొట్టాను. మా అక్క ఎంత పొంగిపోయిందంటే, ఇంటికెళ్ళి డాక్టరు గారికి రెండు కిలోల కారం పట్టించి పంపింది.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు నందిగామ వచ్చినప్పుడు వంటింట్లో నన్ను పక్కకి పిలిచి, "ఎడమవైపు కందిగింజంత ఏదో తగుల్తోందే, స్నానం చేసేప్పుడు" అంది. మర్నాడే మళ్ళీ ఫిల్ములు తీశాను. చీకటి గదిలో ఎర్ర దీపం ముందు తడి ఫిల్ము ఎత్తి పట్టుకుంటే, ఒకచోట తెల్లటి చుక్కలు గుంపుగా, ఇసుక చల్లినట్టు కనపడ్డాయి. అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఫిల్ములు కడుగుతున్నాను. అవేమిటో చెప్పేంత చదువు నాకు లేదు. మామూలుగా ఉండేవి కావని మాత్రం తెలిసింది.

ఆ రోజు శుక్రవారం. డాక్టరు గారు ఫిల్ము ఎత్తారు, "ఊఁ" అన్నారు, దించారు.

"డాక్టరు గారండీ, మా అక్కండీ ఈవిడ. ఇక్కడ చుక్కల్లా ఉన్నాయి, ఒకసారి చూడండి."

"కాల్షియం. పాలు తాగిన ఒంట్లో కాల్షియం ఉండదా?" అని నవ్వారు.

"చేతికి గడ్డ తగుల్తోందంటోంది అండీ. పోనీ పాత ఫిల్ము తెప్పిస్తా. పక్కన పెట్టి చూస్తారా?"

"పుస్తకం చూసి ఎక్కాలు చెప్పేవాడు బళ్ళో పిల్లాడు అమ్మాయ్. పాత ఫిల్ము నాకెందుకు? ఫిల్ము కడిగేదానివి, నువ్వు కూడా నాకు చెప్పేదానివయ్యావూ?"

కట్టలోంచి కాగితం ఆయనే లాగి నా ముందు పెట్టారు. టైపు మిషనుకి ఎక్కించాను గానీ పేరు కొట్టలేదు. కాగితం వదిలేసి, ఫిల్ములు సంచిలో పెట్టుకుని, మా అక్కని తీసుకుని విజయవాడ బస్సెక్కాను.

అక్కడ ఒక లేడీ డాక్టరు ఉంది. చిన్నది, సర్వీసు ఆరేడేళ్ళకి మించి ఉండదు. ఆమె కిటికీకి తెర వేసింది. లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి, చుట్టూ వెలుగు కళ్ళలో పడకుండా నల్ల అట్టలు అడ్డం పెట్టింది. భూతద్దం తీసుకుని కూర్చుంది. ఫిల్ము చూడ్డానికి కుర్చీ ఎందుకో నాకు ఆ రోజే తెలిసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, మా అక్క రెండుసార్లు మంచినీళ్ళు తాగింది.

"పాత ఫిల్ము ఉందా అండీ?" అని అడిగింది.

"తేలేదండి."

"ఎలాగైనా తీసుకురండి. ఇవి అప్పుడూ ఉన్నాయా, పెరిగాయా, అది చూస్తేనే తెలుస్తుంది."

ఆమె బల్ల మీద లావుపాటి నోటు పుస్తకం ఒకటి ఉంది. నేను దానివైపు చూస్తుంటే ఆమే చెప్పింది. "ప్రతి శనివారం సర్జన్లకి ఫోన్ చేస్తానండి. నేను ఉందన్నవాళ్ళకి నిజంగా ఉందా, లేదన్నవాళ్ళకి తర్వాత ఏమైంది, అన్నీ రాసుకుంటా. నా తప్పు నాకు తెలియకపోతే నాకు చూపెలా వస్తుంది చెప్పండి?"

మా పెద్ద డాక్టరు గారి దగ్గర అలాంటి పుస్తకం ఏదీ లేదు. ఆయన దగ్గర పంచాంగం ఉంది.

అక్కని నందిగామలో మా ఇంట్లో దింపి, పాత ఫిల్ముల కోసం జగ్గయ్యపేట కొట్టుకి వెళ్ళాను. బావగారు కాటా దగ్గర నిలబడి ఉన్నారు.

"ఫిల్మా? ఆ నల్ల అట్టలా? మార్కాకి కోసేశాంగా!" అన్నారు.

బస్తాల మీద కొట్టు పేరు పడ్డానికి మార్కా వేస్తారు. అక్షరాలు కోసిన రేకు బస్తా మీద పెట్టి పైన రంగు పూస్తారు. రేకు తుప్పు పడుతుంది, చెయ్యి కోస్తుంది. మామూలు అట్ట రంగు పీల్చి మెత్తబడిపోతుంది. ఎక్స్‌రే ఫిల్ము అయితే వంగుతుంది, చిరగదు, గుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది. ఆ బజార్లో సగం కొట్ల మార్కాలు జనం ఎముకలమీంచీ ఊపిరితిత్తుల మీంచీ కోసినవే. పాడైన ఫిల్ములు బావగారికి నేనే ఎన్నోసార్లు ఇచ్చాను.

"రిపోర్టులో ఏం లేదన్నారుగా, ఇంక వాటితో పనేముందనుకున్నామమ్మా" అన్నారాయన పాపం. నాకు కోపం రాలేదు. ఆ రిపోర్టు కొట్టింది ఎవరు?

మూడు ఫిల్ములు అప్పటికే అరిగి బయట పారేశారు. నాలుగోది గోడౌన్లో మేకుకి వేలాడుతోంది, ఎర్రరంగు గడ్డకట్టి. కిరసనాయిల్లో గుడ్డ ముంచి తుడిచాను. ఎడమవైపుది. గోడౌను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి పట్టాను. కొట్టు పేరులో మొదటి రెండక్షరాల మధ్య రెండు వేళ్ళంత మేర ఫిల్ము కొయ్యకుండా మిగిలింది. ఆ రెండు వేళ్ళ మేరలోనే ఉన్నాయి చుక్కలు. ఇప్పటికన్నా తక్కువ, కాని అవే. మిరప ఘాటుకి తుమ్ములు, కళ్ళలో ధారగా నీళ్ళు. బావగారు "బయటికి రామ్మా, నీకు అలవాటు లేదు" అంటున్నారు. ఏడుస్తున్నానని ఆయనకి తెలియలేదు.

లేడీ డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసి నిట్టూర్చింది. రెండేళ్ళ కిందటే పట్టుకుని ఉంటే చిన్న ముక్క తీసేసి ఊరుకునేవాళ్ళేమోనండి, అంది. మా అక్కకి ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. జుట్టు ఊడిపోయింది. ఏడాది పాటు మంచానికీ బాత్రూముకీ మధ్యే బతికింది. "పాత ఫిల్ములో ఏముందే?" అని ఒకసారి అడిగింది. "ఏం లేదక్కా, ఇది కొత్తగా వచ్చిందట" అని చెప్పాను.

ఆపరేషను అయిన మరుసటి శుక్రవారం ఆ మార్కా ఫిల్ము సెంటర్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు గారు చూస్తుండగానే ఇడ్లీ పొట్లం తీసి పక్కన పెట్టి, లైటు పెట్టె మీద దాన్ని పరిచాను. కొత్త ఫిల్ము పక్కన పెట్టాను. విజయవాడలో క్యాన్సరని తేల్చిన బయాప్సీ కాగితం కింద పెట్టాను.

ఆయన వంగి చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పంచాంగం పక్కనుంచి భూతద్దం తీశారు. అదే నేను చెప్పిన రెండో చూపు.

"అప్పుడు కూడా ఉంది" అన్నారు.

బయాప్సీ కాగితం ఆయన ముందుకి జరిపాను.

"నాకెవరూ చెప్పలేదే అమ్మాయ్. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా వచ్చి, మీరు లేదన్నారు, ఉందండీ అని నాకు చెప్పలేదే?"

నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. ఆయన మొహంలో దొంగతనం ఏమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"ఉన్నవాళ్ళు గుంటూరో, హైదరాబాదో పోయారండి. కొంతమంది అంతకన్నా దూరం పోయారు. ఎవరొచ్చి చెప్తారు మీకు?"

ఆయన భూతద్దం బల్లమీద పెట్టి తల దించుకున్నారు. పశ్చాత్తాపపడుతున్నారని అనుకున్నాను. ఇంతలో చెయ్యి చాపి ఇడ్లీ పొట్లం అందుకుని, విప్పి, వేలితో నొక్కి చూశారు.

"చల్లారిపోయాయి" అన్నారు.

ఆ మాటని నేను ఈ జన్మలో క్షమించను. అయినా న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తర్వాత రెండు వారాలు ఆయన లైటు పెట్టె మీదే ఫిల్ములు చూశారు. కూర్చునే చూశారు. ఒకావిడని పాత ఫిల్ము ఉందా అని కూడా అడిగారు. మూడో వారం పెట్టె మీదికి ఇడ్లీలు మళ్ళీ వచ్చాయి. ఖాళీ కాగితాల మీద సంతకాలూ మామూలే. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన్ని దగ్గరనుంచి చూశాను. ఆయన "ఊఁ" అన్నప్పుడల్లా లోపల తిట్టుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఆయన నడకా, మాటా అనుకరించి నవ్వించేదాన్ని. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి మేస్తున్నాడు మహానుభావుడు, అనేదాన్ని. నా కంటికి చుక్కలు కనపడ్డ ఒకరిద్దరికి మాత్రం మెట్లమీద చాటుగా చెప్పాను, విజయవాడ వెళ్ళి చూపించుకోమని. ఓనరు సెంటర్ అమ్మేశాక నేను మానేశాను. ఆయన ఇంకెక్కడో చూపు చూస్తూనే ఉన్నారని విన్నాను.

మొన్న పత్రిక పట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. మా అక్క ఇప్పుడు బాగానే ఉంది. వరండాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఫొటో చూపించి, ఆ రాతలన్నీ వెటకారంగా చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. ఇరవయ్యేళ్ళకి పైగా దాచిన మాట బయటికి వచ్చేసింది.

"అక్కా, నీకో సంగతి చెప్పలేదు. నీ పాత ఫిల్ములో కూడా ఉందే అది. ఈ డేగకళ్ళాయనకి కనపడలేదు."

"తెలుసులేవే. ఆ విజయవాడ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది నాకు."

"తెలిసీ ఆయన్ని ఒక్క మాట అనలేదేం నువ్వు?"

మా అక్క చేతిలో చింతపండు పళ్ళెంలో పెట్టింది. నావైపు చూసింది. కోపంగా ఏం కాదు. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి దాస్తే చూసినట్టే చూసింది.

"ఆయనకి కనపడలేదు, ఎవరూ చెప్పలేదు, కాబట్టి తెలియదు. నీకు తెలుసు కదే. నా రొమ్ము పోయాక కూడా ఆరేళ్ళు ఆ సంతకాల కాగితాల మీద ఎవరెవరి పేర్లు కొట్టావే నువ్వు?"

లోపల్నుంచి బావగారు అన్నానికి రమ్మని పిలుస్తున్నారు. మా అక్క లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ పేర్లు కొన్నయినా గుర్తు తెచ్చుకుందామని వరండాలో కూర్చుని ప్రయత్నించాను. చందర్లపాడు ఆవిడ మొహం గుర్తొచ్చింది. పెనుగంచిప్రోలు నుంచి వంకాయలు తెచ్చినావిడ మొహం గుర్తొచ్చింది. పేరు ఒక్కటీ గుర్తు రాలేదు.